ఎర్ర మేడలో పంతొమ్మిదో కుర్చీ

పెకింగ్, షాతాన్ వీధి
అక్టోబరు, 1923

బావా,

నువ్వు రైలెక్కిన మర్నాడే వెళ్ళి నీ కుర్చీలో కూర్చున్నాను. విశ్వవిద్యాలయం ఎర్ర మేడ, రెండో అంతస్తు, పంతొమ్మిదో నంబరు. అంతా నువ్వు చెప్పినట్టే జరిగింది. గంట కొట్టిన కాసేపటికి హాజరు గుమాస్తా తలుపు అద్దంలోంచి తొంగి చూశాడు. ఆయన చూసేది కుర్చీల్ని, మొహాల్ని కాదు. ఏ కుర్చీ ఖాళీగా ఉంటే ఆ నంబరుకి గైర్హాజరు వేసుకుని పోతాడు. పంతొమ్మిదిలో ఒక మనిషి ఉన్నాడు కాబట్టి తాన్ షౌఛెన్ హాజరు. పెంగ్ యూలిన్ అనే నేను మాత్రం ఈ లోకంలో ఎక్కడా హాజరు కాదు.

నేనొక్కణ్ణే దొంగ శ్రోతనని సిగ్గుపడ్డాను గానీ, వెనక వరసల్లో సగం మంది మావాళ్ళే. ఒక బౌద్ధ సన్యాసి, ఒక మాజీ సిపాయి, ఏ పరీక్షా గట్టెక్కని నాలాంటి వాళ్ళు మరికొందరు. గుమ్మం దగ్గర ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. అచ్చు వేసిన పాఠం కాగితాలు కూడా చెయ్యి చాచిన ప్రతివాడికీ ఇచ్చేస్తున్నారు. నీవి నీకు పంపుతున్నాను, నాకోసం ఒక ప్రతి తీసుకున్నాను.

నీ దగ్గర దాచడం దేనికి బావా, నాకు కడుపుమంటగానే ఉంది. వేసవిలో గోడకి అంటించిన ప్రవేశ పరీక్ష జాబితా ఇప్పటికీ కళ్ళముందు కనిపిస్తోంది. నీ పేరుంది, నా పేరు లేదు. మన ఊరి బడిలో నువ్వు నాకు లెక్కలు చూపించేవాడివి, నేను నీకు వ్యాసాలు చూపించేవాణ్ణి. పరీక్ష హాల్లో ఇద్దర్నీ దూరదూరంగా కూర్చోబెట్టేసరికి నువ్వు ఒడ్డున పడ్డావు, నేను లెక్కల్లో మునిగాను. మా అమ్మ నీకు స్వయానా మేనత్త కాబట్టి శపించలేదు. లేకపోతే శపించేదే.

మామయ్య చెయ్యి ఎలా ఉంది? టపాకాయల మందు కూరుతుంటే కాలిందన్నారు. కుడి చెయ్యేనా?

యూలిన్

*

లియూయాంగ్, హునాన్
నవంబరు, 1923

ఒరేయ్ బావమరిదీ,

కుడి చెయ్యే. వేళ్ళకి బాతు కొవ్వు రాసి గుడ్డ చుట్టారు. కొత్త సంవత్సరం బేరాలన్నీ ఇప్పుడే రావాలి, నాన్న చూస్తే చాప్‌స్టిక్ కూడా పట్టుకోలేడు. పెద్దకొడుకుని నేనే. ఉదయం లేచింది మొదలు మందు తూచడం, కాగితం గొట్టాలు ఎండబెట్టించడం, పనివాళ్ళ మీద కేకలు. నాకీ వాసనే గిట్టదని నీకు తెలుసు.

అయినా ఊళ్ళో మర్యాద బాగానే ఉంది. 'విశ్వవిద్యాలయం అబ్బాయిగారు' అంటున్నారు. నేను వీధిలోకి వస్తే టీ దుకాణంలో లేచి చోటిస్తున్నారు. మీ అమ్మ మాత్రం 'మావాడు కూడా అక్కడే చదువుతున్నాడుగా' అని అందరికీ చెబుతోంది. నేను కాదనలేదు. చూశావా నా మంచితనం.

నీకు చెప్పేది ఒక్కటే. కుర్చీ వెచ్చగా ఉంచు, నోరు మాత్రం తెరవకు. షాన్ మాస్టారు ప్రశ్న అడిగితే తల వంచుకుని కాగితాలు తిరగెయ్యి. నేను మూడు వారాలు అలాగే నెట్టుకొచ్చాను. ఆయన జెజియాంగ్ యాస నాకు ఒక్క ముక్క అర్థమయితే ఒట్టు. నోట్సు వివరంగా రాసి పంపు. కడుపుమంటకి ఇక్కడి నుంచి మందు పంపలేను. పొరుగింటి పుల్లకూర రుచి అంటారుగా, ఆ పాఠాలు నీకు అలాగే రుచిస్తున్నాయి.

షౌఛెన్

*

పెకింగ్
డిసెంబరు, 1923

బావా,

గాలి దుమారాలు మొదలయ్యాయి. పళ్ళ మధ్య ఇసుక, నోట్సులో ఇసుక. గదిలో బొగ్గు పొయ్యికి దగ్గరగా కూర్చుని రాస్తున్నాను. మామయ్యకి నమస్కారాలు.

నోరు తెరవాల్సి వచ్చింది. తప్పలేదు. షాన్ మాస్టారు ఒక పాత గ్రంథంలో ఒక వాక్యం చదివి, ఇది ఎప్పటిదో చెప్పగలిగేవాడు ఈ గదిలో ఉన్నాడా అన్నారు. ఎవరూ కదల్లేదు. నా పక్క కుర్చీలో షాన్‌దోంగ్ నుంచి నువ్వు వెళ్ళాక వచ్చి చేరిన గావ్ అని ఒక భారీ మనిషి ఉన్నాడు, పచ్చి ఉల్లికాడలు నములుతుంటాడు, వాడు నా పక్కటెముకల్లో మోచేత్తో పొడిచి 'నీకు తెలుసని నీ మొహమే చెబుతోంది, లేవరా' అన్నాడు. లేచాను. చెప్పాను. మాస్టారు పేరడిగారు. 'తాన్ షౌఛెన్' అన్నాను. ఇంకేం చెప్పను?

ఆయన యాస పది రోజులు వింటే అలవాటైపోతుంది. జీతాలు నెలల తరబడి రావడం లేదట, ఆయన పాత కోటు మోచేతుల దగ్గర పిగిలిపోయింది. పాఠం మాత్రం ఒక్కరోజు ఆపలేదు.

ఈ నెలలో విశ్వవిద్యాలయానికి పాతికేళ్ళు నిండుతున్నాయి. పెద్ద ఉత్సవం. విద్యార్థులు దాని చరిత్ర గురించి వ్యాసాలు రాస్తున్నారు. వేరే విశేషాలేం లేవు.

యూలిన్

*

లియూయాంగ్
జనవరి, 1924

పెంగ్ యూలిన్‌కి,

వేరే విశేషాలేం లేవా?

నిన్న మధ్యాహ్నం లువో హెడ్మాస్టరు గారు కర్ర ఊపుకుంటూ మా దుకాణంలోకి వచ్చారు. చేతిలో విశ్వవిద్యాలయం దినపత్రిక. ఆయనకి అది తపాలాలో వస్తుందని నీకు గుర్తులేదా? పనివాళ్ళందరి ముందూ నా భుజం మీద చెయ్యేసి, 'ఈ వయసులో ఇంత రాయగలవని నాకు తెలీదోయ్, నీ బోటివాణ్ణి బడిలో బెత్తంతో కొట్టినందుకు సిగ్గుపడుతున్నా' అన్నారు. తీసి చూస్తే 'మన విశ్వవిద్యాలయం పాతికేళ్ళ చరిత్ర' అని ఉంది. కింద నా పేరు. నేను రాయని వ్యాసం కింద, నా పేరు.

నాన్న కట్టు కట్టిన చేత్తోనే పత్రిక పట్టుకుని తలకిందులుగా చదివాడు. అమ్మ ఏడ్చింది. సాయంత్రం బడిలో పిల్లలకి దాని గురించి ఉపన్యాసం ఇవ్వాలన్నారు. తప్పించుకునే దారి లేక వెళ్ళాను.

లువో గారు చక్రవర్తి రోజుల్లో అక్కడ చదివినవారు కదా, ముందు ఆయనే మాట్లాడారు. 'మా కాలంలో విద్యార్థులంటే పెద్ద సర్కారు ఉద్యోగస్థులర్రా. పాఠం వేళకి నౌకరు గదిలోకొచ్చి, దొరగారూ, తమరు తరగతికి దయచెయ్యాలి అనేవాడు. కవాతు నేర్పే మాస్టరు కూడా, దొరగారూ, ఎడమకి తిరగండి అనేవాడు. మేం తిరిగేవాళ్ళం కాదు. ఎండగా ఉంది, రేపు తిరుగుతాంలే అనేవాళ్ళం.' పిల్లలు పడి పడి నవ్వారు. ఆ భవనం అసలు ఒక రాకుమారి మహలని, ఆవిడ ముస్తాబయ్యే మేడలోనే పుస్తకాలు పెట్టారని, అదంతా నీ వ్యాసంలో చదివి ఆయన కళ్ళు చెమర్చాయట. నీ వ్యాసం అన్నాను చూశావా. నా వ్యాసం.

తర్వాత నావైపు తిరిగి, 'చివర రాశావు చూడు, ఈ బడికి గోడలున్నాయి గానీ గుమ్మానికి తలుపు లేదు అని, దాని భావం పిల్లలకి చెప్పు బాబూ' అన్నారు.

నాకేం తెలుసు? 'గుమ్మం మరమ్మతులో ఉందండి' అన్నాను.

పిల్లలు మళ్ళీ నవ్వారు. లువో గారు నవ్వలేదు. నన్ను కొంచెంసేపు చూసి, కర్ర తీసుకుని వెళ్ళిపోయారు.

నీకు కుర్చీ ఇచ్చాను, పేరివ్వలేదు. ఏకై వచ్చి మేకై కూర్చున్నావు. ఈ ఊళ్ళో అందరూ ఇప్పుడు నన్ను పొగుడుతున్నారు. ఆ పొగడ్త ఒక్కటీ నాది కాదు. ఎవడైనా తన పేరు చూసి తనే ఓర్వలేకపోవడం విన్నావా? నేను ఓర్వలేకపోతున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, సొమ్ము నాదో నీదో కూడా తేలడం లేదు.

ఆ కుర్చీలోంచి లే. నాన్న చెయ్యి బాగవగానే వస్తాను.

షౌఛెన్

*

పెకింగ్
ఫిబ్రవరి, 1924

బావా,

మామయ్య చెయ్యి ఇంకా బాగవలేదా? పాపం. మా అమ్మ ఉత్తరం నిన్ననే వచ్చింది. కొత్త సంవత్సరం రోజున మీ ఇంట్లో మాజాంగ్ పలకలాట ఆడారట, మామయ్య అదే కుడిచేత్తో అందర్నీ ఓడించాడట. పనివాళ్ళని కూడా ఆయనే కేకలేస్తున్నాడట. మరి నువ్వెందుకు కదల్లేదు? నేను చెప్పనా? నేను పంపే నోట్సు నీకు అర్థం కావడం మానేసింది. టీ దుకాణంలో లేచి చోటిచ్చేవాళ్ళని వదిలి, లేచి జవాబు చెప్పమనే చోటికి రావడానికి నీకు భయం.

వ్యాసం సంగతి దాచాను, నిజమే. రాస్తున్నప్పుడు పేరు గురించి ఆలోచించలేదు. పాత రికార్డుల గదిలో కూర్చుని, రాకుమారి మహలు నుంచి ఎర్ర మేడ దాకా, దొరగార్ల నుంచి దొంగ శ్రోతల దాకా రాస్తూ పోయాను. నాలుగేళ్ళ కిందట అమ్మాయిల్ని చేర్చుకున్న రోజు గురించి రాశాను. ఆ గుమ్మం మాట నాకు సొంతంగా తెలిసిన మాట. పరీక్షలో బయటికి నెట్టిన బడే నన్ను రోజూ లోపలికి రానిచ్చింది, అదీ దాని భావం. హాయిగా అచ్చుకి ఇవ్వబోతూ, కింద సంతకం పెట్టేటప్పుడు చెయ్యి ఆగింది. మాస్టారికి తెలిసిన పేరు ఒక్కటే. అదే పెట్టాను. పెట్టి, గదికొచ్చి, నిన్ను తిట్టుకున్నాను.

నీకు ఓర్వలేనితనమా? దేనికి బావా? కుర్చీ నీది, నంబరు నీది, చివర్లో వచ్చే పట్టా నీది. ఇప్పుడు నా వ్యాసం కూడా నీదే. నాకు మిగిలింది బుర్రలో ఉన్నది ఒక్కటే, అది కూడా లాక్కునే దారుంటే లాక్కునేవాడివి.

ఇంకొకటి విను. జూలైలో మళ్ళీ ప్రవేశ పరీక్ష. ఈసారి లెక్కలు కూడా గట్టెక్కాలని అనుకున్నాను. మొన్న దరఖాస్తు తీసుకుని పేరు రాయబోతే అప్పుడు తట్టింది. పెంగ్ యూలిన్ అని రాసి నెగ్గితే, మొదటి రోజే షాన్ మాస్టారు నన్ను చూసి 'తాన్' అంటారు. అసలు తాన్ ఎవడని అడుగుతారు. ఇద్దర్నీ బయటికి పంపుతారు. నీ పేరుతో నోరు తెరిచిన రోజే నా గుమ్మం నేనే మూసుకున్నాను. తెలివిగలవాణ్ణని అందరూ మెచ్చుకుంటుంటే గమనించలేదు.

రా. వచ్చి నీ కుర్చీ నువ్వు తీసుకో. నువ్వు అందులో కూర్చోవడం చూడ్డానికి మాత్రం నేను ఇక్కడ ఉండను.

యూలిన్

*

పెకింగ్, షాతాన్
మార్చి, 1924

యూలిన్,

గది ఊడ్చి, పొయ్యి తుడిచి, తాళం ఇంటివాళ్ళకిచ్చి పోయావు. కనీసం స్టేషనుకి వచ్చి నాలుగు తిట్లు తిట్టి పోవాల్సింది.

ఈరోజు ఎర్ర మేడకి వెళ్ళాను. కొత్త పొడుగు అంగీ వేసుకుని వెళ్ళాను. పంతొమ్మిదిలో కూర్చోబోతే గావ్ తన ఎడం చెయ్యి కుర్చీకి అడ్డం పెట్టాడు.

'ఎవరు బాబూ నువ్వు? అది తాన్ కూర్చునే చోటు.'

'తాన్ ఊరెళ్ళాడు,' అన్నాను. నేనే తాన్‌నని నోటిదాకా వచ్చింది. చెబితే నీ దొంగతనం బయటపడుతుంది, నాదీ బయటపడుతుంది. హాజరు మోసానికి చదువే పోతుంది.

'అయితే వచ్చేదాకా చోటుంచుతా. వెనక్కెళ్ళు. వెనకా బాగానే వినబడుతుంది,' అని ఆ కుర్చీలో తన కోటు, టోపీ, ఉల్లికాడల పొట్లం పెట్టాడు.

ఇంతలో షాన్ మాస్టారు వచ్చారు. ఖాళీ కుర్చీ చూశారు. 'తాన్ లేడా?' అన్నారు. గదిలో ఒక నిట్టూర్పు వినిపించింది, నిజంగానే వినిపించింది. అప్పుడు నావైపు చూసి, 'కొత్తగా వినడానికి వచ్చావా నాయనా? సిగ్గుపడకు, సన్యాసి గారి పక్కన చోటుంది,' అన్నారు.

వెళ్ళి సన్యాసి పక్కన కూర్చున్నాను. గుమాస్తా అద్దంలోంచి తొంగి చూసి పంతొమ్మిదికి గైర్హాజరు వేసుకుని వెళ్ళాడు. నా కళ్ళముందే. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ హాజరు, ఇక్కడికొస్తే గైర్హాజరు. ఇలా ఇంకొన్ని వారాలు పోతే నా పేరు కొట్టేస్తారు.

నిన్ను చూసి ఎంత మండిందో రాయలేను. నువ్వు ఇక్కడ లేకుండానే ఉన్నావు.

షౌఛెన్

*

లియూయాంగ్
ఏప్రిల్, 1924

బావా,

ఉత్తరం చదివి నవ్వాను. మా అమ్మ వచ్చి ఏమైందని అడిగేదాకా నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు.

నేను ఇప్పుడు మీ దుకాణంలోనే ఉన్నాను. వేరే పని దొరకలేదు. మామయ్య దగ్గరుండి గొట్టం చుట్టడం నేర్పుతున్నాడు. 'నీ చెయ్యి మావాడి చెయ్యిలా వణకదు' అన్నాడు. ఇది నీకు రాయకూడదని అనుకున్నాను, కానీ రాశాను. నువ్వు కూడా కొంచెం మండు.

ఇక్కడ నేను ఎవర్నో తెలుసా? 'వ్యాసం రాసిన షౌఛెన్ గారి బావమరిది.' లువో గారు మొన్న దుకాణానికి వచ్చి చాలాసేపు నా మొహం చూశారు. 'గుమ్మం మరమ్మతు అయిందా?' అని అడిగారు. నేను తల వంచుకుని ఇంకో గొట్టం చుట్టాను. ఆయనకి తెలుసనుకుంటా.

పరీక్ష రాయను. దరఖాస్తు చింపేశాను. ఇదేదో త్యాగమని అనుకుని నువ్వు కళ్ళు తుడుచుకోవద్దు. నేను నెగ్గితే నువ్వు పోతావు, అప్పుడు మా అమ్మ మీ అమ్మకి మొహం చూపించలేదు, అంతే. ఒక్క కడుపుమంట చల్లార్చుకోవడానికి రెండు ఇళ్ళు తగలబెట్టలేను.

షాన్ మాస్టారు ఏ గ్రంథం మొదలుపెట్టారు? వద్దు, చెప్పకు.

యూలిన్

*

పెకింగ్
మే, 1924

యూలిన్,

చెబుతాను. నీకు మండాలనే చెబుతాను. చరిత్ర గ్రంథాల్లో అతి పాతదాన్ని మొదలుపెట్టారు. మొదటి వాక్యం మీదే వారం గడిచింది. ఈ ముక్క తాన్ అయితే ఇలా విడదీసేవాడు అని రోజుకొక్కసారైనా అంటున్నారు. నేను సన్యాసి పక్కన కూర్చుని తాన్ ఎలా విడదీసేవాడో రాసుకుంటున్నాను. గావ్ రోజూ అడుగుతాడు, 'నువ్వు వాళ్ళ ఊరివాడివేగా, తాన్ ఎప్పుడొస్తాడు?' అని. నిన్న ఉల్లికాడ కూడా ఇవ్వబోయాడు, తాన్‌కి పంపమని.

ఎవణ్ణి గురించి అందరూ బెంగపెట్టుకున్నారో వాడి పేరు నాది. బెంగ మాత్రం నా మీద కాదు. రెండు నెలలు భరించాను. ఇవాళ భరించలేక మాస్టారి ఇంటికి వెళ్ళాను. నీ మీద ప్రేమ పొంగి వెళ్ళానని అనుకోకు. నా క్షేమం నన్నే అడుగుతుంటే జవాబు చెప్పలేక వెళ్ళాను. ఇంకో సంగతి కూడా ఉంది. నువ్వు దరఖాస్తు చింపావని చదివాక నాకు సంతోషం కలగాలి కదా. ఆ రోజంతా ఎదురుచూశాను. కలగలేదు.

మాస్టారు పెరట్లో పుస్తకాలు ఎండబెట్టుకుంటున్నారు. నిలబడే అంతా చెప్పేశాను. కుర్చీ, హాజరు, వ్యాసం, నాన్న చెయ్యి బాగయ్యాక కూడా ఊళ్ళో కూర్చోవడం, అన్నీ. ఆయన పుస్తకాలు తిరగేస్తూనే విన్నారు.

'గుమాస్తా లెక్కలో నువ్వు లేనప్పుడు ఉన్నావు, ఉన్నప్పుడు లేవు,' అన్నారు చివరికి. 'ఆ లెక్క దిద్దడం నావల్ల కాదు. ఈ ఏడు నువ్వు మళ్ళీ చదవాల్సిందే. పై వాళ్ళతో నేను మాట్లాడతాను, పేరు కొట్టెయ్యరు.'

'మరి అతనో?' అన్నాను.

'జూలైలో పరీక్ష రాయమను. నా తరగతిలో దొంగతనంగా కూర్చున్నవాడు ఒక్కడా? వాళ్ళందరినీ తరిమితే నేను గోడలకి చెప్పుకోవాలి. లెక్కల్లో తప్పాడన్నావా? అయితే నువ్వు నేర్పు. నీకు వచ్చిన విద్య అదొక్కటేగా.'

కాబట్టి ఈ ఉత్తరం అందగానే రైలెక్కు. పొయ్యి నేను అంటించి ఉంచుతాను. పొద్దున లెక్కలు నేను చెబుతాను, సాయంత్రం ఆ పాత గ్రంథం నువ్వు నాకు చెప్పు. నువ్వు నెగ్గితే ఇద్దరం ఒకే ఏడాదిలో కూర్చుంటాం. నాకంటే ముందు వరసలో నీకు కుర్చీ వస్తే మళ్ళీ మండుతుంది, ఇప్పుడే చెబుతున్నాను. మాస్టారితో నేను మాట్లాడానని మీ అమ్మకి చెప్పు. మా నాన్నకి గొట్టాలు చుట్టేవాళ్ళు దొరుకుతారు.

మాస్టారి ఇంటి నుంచి వచ్చేసేముందు జరిగింది కూడా రాసేస్తాను. ఇది రాయకపోతే నాకు నిద్రపట్టదు. మాస్టారు కలం తెప్పించుకుని నీ పేరడిగారు. పెంగ్ యూలిన్ అన్నాను. ఏ అక్షరాలతో రాయాలో అడిగి, చేతిలో ఉన్న పుస్తకం అట్ట లోపల రాసుకున్నారు, మర్చిపోకుండా. నేను నమస్కారం పెట్టి, నా పేరు కూడా చెప్పబోయాను.

చెయ్యి అడ్డం ఊపారు. 'తాన్ షౌఛెన్ నాకు తెలుసులే. మంచి విద్యార్థి,' అన్నారు.

'అవునండి, చాలా మంచి విద్యార్థి,' అన్నాను.

షౌఛెన్